మేస్త్రీ ఇంకా లోపలే ఉన్నాడు

ఆ ఊరు ఎలా పుట్టిందని అడిగితే, తొమ్మిది లైన్ల ఇళ్ళలో తొమ్మిది రకాలుగా చెప్పేవారు. అన్నిట్లోకీ ఎక్కువ చెల్లుబాటైన కథ ఇది: ఎటో పోవాల్సిన రైలుకి దారిలో బొగ్గు అయిపోయింది. చలికి వణుకుతున్న ఫైర్‌మన్ పక్కనున్న గుట్ట మీదికెక్కి, పొయ్యి రాళ్ళకని నాలుగు నల్లరాళ్ళు ఏరుకొచ్చాడు. మంట పెడితే రాళ్ళే అంటుకున్నాయి. ఆ ఫైర్‌మన్ ఎవరయ్యా అంటే, చెబుతున్నవాడి తాతే. ఒక్క ఫైర్‌మన్‌కి అంతమంది మనవలు ఎలా వచ్చారో ఆ ఊళ్ళో ఎవరూ ఆరా తియ్యలేదు. తీస్తే చాలా సంసారాల్లో గొడవలయ్యేవి.

మొత్తానికి బొగ్గు కోసం గని తవ్వారు. బొగ్గు మొయ్యడానికి గని దాకా రైలు లైను వేశారు. రైలు నడవడానికి బొగ్గు కావాలి గనక ఇంకాస్త తవ్వారు. తవ్వేవాళ్ళకి ఇళ్ళు కట్టారు, ఇళ్ళని వరసలుగా పేర్చి నంబర్లు పెట్టారు, ఒక బడి, ఒక ఆస్పత్రి, ఒక సినిమా హాలు అమర్చారు. రైలు వచ్చినప్పుడల్లా ఒకటో లైను ఇళ్ళలో గిన్నెలు అలమారలోంచి తమంతట తామే దిగేవి. డెబ్భై ఏళ్ళు రైలూ గనీ ఒకరినొకరు మేపుకుంటూ సుఖంగా ఉన్నాయి. ఆ తర్వాత రైలు డీజిలు తాగడం నేర్చుకుంది. ఇంకేముంది, గని మొహం చూడడం మానేసింది.

ఇప్పుడక్కడ పట్టాలు కూడా లేవు. పట్టాల కింది కంకర ఉంది, ప్లాట్‌ఫారం ఉంది, దాని మీద ముళ్ళకంప ఏపుగా పెరిగి ఎప్పటికీ రాని రైలు కోసం వరసగా నిలబడి ఉంది. అయితే ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఆ ఊరు పోవలసిన రోజున పోలేదు. ఇరవై ఆరు రోజులు ఆలస్యంగా పోయింది. దానికి కారణం బిళ్ళలమ్మ.

బిళ్ళలమ్మ గని దగ్గర దీపాల గదిలో పనిచేసేది. గనిలోకి దిగే ప్రతివాడూ ఆమె కిటికీ ముందు నిలబడి తలకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. ఆమె వెనక గోడకి రెండు చెక్క పలకలుండేవి. ఒకదాని మీద ‘బయట’ అనీ, రెండోదాని మీద ‘లోపల’ అనీ తెల్లరంగుతో రాసి ఉండేది. దీపం ఇవ్వగానే అతని నంబరున్న ఇత్తడి బిళ్ళని బయట పలక మీంచి తీసి లోపల పలకకి తగిలించేది. మనిషి పైకొచ్చి దీపం తిరిగిస్తే బిళ్ళ మళ్ళీ బయట పలకకి వచ్చేది. ఊళ్ళో మగాళ్ళందరూ ఆ గోడకి వేలాడుతూ ఉండేవారన్నమాట. ఎవడు ఎక్కడున్నాడో వాళ్ళ పెళ్ళాలకన్నా బిళ్ళలమ్మకే బాగా తెలుసు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె ఒక్క బిళ్ళ తప్పు పలకకి వెయ్యలేదు. ఒకసారి మేనేజరుగారు గనిలోంచి పైకొచ్చి, దీపం తిరిగివ్వకుండా అట్నుంచటే సినిమాకి వెళ్ళిపోయాడు. షిఫ్టు అయిపోయినా బిళ్ళ లోపల పలక మీదే ఉండేసరికి బిళ్ళలమ్మ సైరన్ మోగించింది. నలభై మంది గనిలోకి దిగి, గొంతులు చించుకుని మేనేజరుగారిని పిలిచారు. ఆయనేమో హాల్లో దీపం ఒళ్ళో పెట్టుకుని సినిమా చూస్తూ, సైరన్ చప్పుడు కూడా సినిమాలోదే అనుకున్నాడు. ఆ తర్వాత ఆయన బదిలీ అయ్యేదాకా, దీపం ఇవ్వడానికి వచ్చిన ప్రతిసారీ టోపీ తీసి నిలబడేవాడు.

ఆమె మొగుడు దుంగల మేస్త్రీ. సొరంగాల పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. పనిలో దిట్ట, నోటిలో అంతకన్నా దిట్ట. నలుగురు కనిపిస్తే చాలు, మాట్లాడకుండా ఉండలేడు. నలుగురూ లేకపోతే దుంగలతో మాట్లాడేవాడు. పాతికేళ్ళలో అతను నిలబెట్టిన దుంగ ఒక్కటీ ఒరగలేదంటే, అతని మాటలకి కదలాలంటేనే భయపడ్డాయని తోటివాళ్ళు అనేవారు.

గని మూసేస్తామని కాగితం వచ్చాక ఊరు నెలనెలా పలచబడింది. వాళ్ళ కొడుకు ముందే రైలెక్కి కొత్తచోట పనిలో చేరాడు. కోడలు కూడా వెళ్ళాల్సిందే గానీ కదల్లేని స్థితిలో ఆస్పత్రి మంచం మీద ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది. నెలలు బాగానే నిండుతున్నాయి గానీ, పక్క దిగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“ఇంకో నాలుగు వారాలు ఇలాగే పడుకోబెట్టగలిగితే పిల్లని మీ చేతికిచ్చే పూచీ నాది. ఇప్పుడు ఆరు గంటలు ఆ రైల్లో కుదిపారంటే మాత్రం నేను చెప్పేదేం లేదు,” అన్నాడు.

నాలుగు వారాలు! గని మూసే తారీకు ఇంకో మూడు రోజుల్లో ఉంది. గని మూసిన రోజే ఆస్పత్రి మూత, మర్నాడే ఆఖరి రైలు. డాక్టరూ నర్సమ్మా కూడా అందులోనే ఎక్కాలి. మూయించడానికి పైనుంచి వచ్చిన ఆఫీసరు అప్పటికే రెండు ట్రంకు పెట్టెల నిండా తాళంకప్పలు తెచ్చుకుని మేనేజరు గదిలో దిగాడు. ఊళ్ళోవాళ్ళు ఆయనకి తాళాలాయన అని పేరు పెట్టారు. బిళ్ళలమ్మ ఆయన దగ్గరికి వెళ్ళేసరికి బల్ల మీద తాళాలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదానికీ చీటీ కడుతున్నాడు.

“ఒక్క నెల ఆస్పత్రి ఉంచండి సారూ,” అని అంతా చెప్పింది.

ఆయన చీటీ కట్టడం ఆపి శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడేం కాదు. రూళ్ళ పుస్తకం తెరిచి, పేజీ వెతికి, ఆమె వైపు తిప్పి మరీ చూపించాడు.

“నా చేతుల్లో లేదమ్మా. గని నడిచినంతకాలమే ఆస్పత్రి. లోపల ఒక్క మనిషున్నా నేను గని మూయకూడదు. నీళ్ళు తోడే పంపులు ఆపకూడదు, డాక్టరు ఊరు వదలకూడదు, రైలు ఆపకూడదు. లోపల ఎవరూ లేరంటే మాత్రం ఒక్క పూట కూడా ఉంచే అధికారం నాకు లేదు.”

“ఒక్క మనిషున్నా మూయకూడదా?”

“ఒక్కరున్నా మూయకూడదు.”

“ఆ మనిషి ఎవరైనా పరవాలేదా?”

ఈ ప్రశ్న ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. “మనిషైతే చాలమ్మా,” అన్నాడు.

బిళ్ళలమ్మ ఇంటికొచ్చేసరికి మేస్త్రీ పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి అతన్ని పైనుంచి కిందకి చూసింది. సంతలో మేకని చూసినట్టు చూసేసరికి అతని చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ఏమిటే అలా చూస్తున్నావు?”

“మనిషైతే చాలన్నాడు. నువ్వు సరిపోతావులే.”

మర్నాడు సాయంత్రం గనిలో మిగిలిన పదకొండు మందినీ దీపాల గది వెనక్కి పిలిచి సంగతి చెప్పింది. ఎవరినీ బతిమాలాల్సిన పని పడలేదు. ఆ ఊరికి ఆఖరుగా వచ్చిన కోడలు ఆ పిల్లే. పదకొండు ఇళ్ళవాళ్ళూ వంతులేసుకుని ఆస్పత్రికి గుడ్లూ పాలూ మోస్తున్నారు. అయితే అందరికీ ఒక్కటే అనుమానం.

“అంతా బాగానే ఉంది గానీ అక్కా, బావ నాలుగు వారాలు నోరు మూసుకుని ఉంటాడంటావా?” అన్నాడు పంపుల దగ్గర పనిచేసేవాడు.

అదీ నిజమే. బిళ్ళలమ్మకి కూడా దాని గురించే బెంగ.

ఆఖరి షిఫ్టు పైకొచ్చిన రోజు తాళాలాయన ఇస్త్రీ కోటు వేసుకుని, రిజిస్టరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. పదకొండు మంది దీపాలిచ్చారు. పదకొండు బిళ్ళలు ఇవతలికి వచ్చాయి. ఆయన కలం మూత తీశాడు. బిళ్ళలమ్మ మాత్రం పలక వైపే చూస్తూ ఉండిపోయింది. అందులో ఆమె నటించింది ఏమీ లేదు. ఆ పన్నెండో బిళ్ళని పొద్దున తన చేత్తోనే లోపల పలకకి వేసింది. జీవితంలో మొదటి అబద్ధపు బిళ్ళ అది. 

“ఒకరు రాలేదు సారూ,” అంది.

“ఎవరు?”

“మా ఆయన.”

ఆ సమయానికి ‘మా ఆయన’ అనబడే మేస్త్రీ, నాలుగో లైనులో సొంతింటి అటక మీద, పాత పరుపులో వెల్లకిలా పడుకుని, ఎవరూ వినడం లేదని దూలంతో మాట్లాడుతున్నాడు.

సైరన్ మోగింది. తాళాలాయన స్టేషనుకి పరిగెత్తాడు. పై ఆఫీసుకి తంతి కొట్టాడు, మేస్త్రీ కొడుక్కి కూడా కొట్టాడు. కొడుక్కి అంతకు ముందు రోజే తల్లి ఉత్తరం అందింది. “మీ నాన్న అటక మీద ఉంటాడు. ఏ తంతి వచ్చినా నువ్వు కంగారు పడకు, నలుగురిలో ఉన్నప్పుడైతే కొంచెం ఏడువు,” అని రాసింది.

వెతుకులాట మొదలైంది. పొద్దున్నే పదకొండు మందీ టీ ఫ్లాస్కులూ పేకముక్కలూ పట్టుకుని దిగేవారు. మధ్యాహ్నం భోజనాలకి పైకొచ్చి, మొహాలు వేలాడేసుకుని నిలబడేవారు. రెండో రోజు తాళాలాయన మరీ దిగులు పడిపోతుంటే చూడలేక పంపులవాడు, “నాలుగో సొరంగం వైపు టకటకమని చప్పుడు వినిపించింది సార్,” అని చెప్పాడు. నాలుగో సొరంగం ఎప్పుడో మూతపడింది. అటు ఎవరూ వెళ్ళరు గనక వెతకాల్సిన పని ఉండదని అతని తెలివి. ఆ మాటకి తాళాలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “బతికే ఉన్నాడు!” అంటూ పంపులవాణ్ణి కావిలించుకున్నాడు. పాపం పంపులవాడికి ఆ పూట పేకాట మీద మనసు నిలవలేదు.

రోజూ సాయంత్రం తాళాలాయన బిళ్ళలమ్మ ఇంటికి వచ్చేవాడు, ఓదార్చడానికి. సరిగ్గా అటక కింద ఉన్న కుర్చీలోనే కూర్చునేవాడు.

“మీవారు చాలా మంచి మనిషని అందరూ అంటున్నారమ్మా.”

బిళ్ళలమ్మకి ఏడవాలని ఎంత ఉన్నా ఏడుపు రాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి గనక మాట్లాడింది. “మంచేనండీ. కాకపోతే ఒక్క పని చెబితే పది మాటలు చెబుతాడు. మా పెళ్ళైన కొత్తలో కుర్చీ కాలు బాగుచేస్తానన్నాడు. మీరు కూర్చున్నది అదే. ఒక పక్కకి ఒరుగుతోంది చూడండి, ఇప్పటికీ చెయ్యలేదు.”

అటక మీద దబ్బుమని చప్పుడైంది.

“పిల్లి,” అంది బిళ్ళలమ్మ.

“గురక కూడా పెడతాడటగా?”

“రైలు కూత దానికన్నా నయం సారూ. కూత కాసేపటికి ఆగుతుంది.”

మళ్ళీ దబ్బుమంది. ఈసారి తాళాలాయన భుజాల మీద బూజు కూడా రాలింది.

“పెద్ద పిల్లిలా ఉందే,” అన్నాడాయన పైకి చూస్తూ.

“తిని పడుకోవడం తప్ప పనేముంది దానికి? బలిసింది.”

ఆయన వెళ్ళిపోయాక మేస్త్రీ అటక మీంచి తల కిందకి వేలాడేసి అరిచేవాడు. “పోయాడనుకుంటున్న మొగుడి గురించి చెప్పాల్సిన మాటలేనా ఇవి? పాతికేళ్ళుగా ఒక్క దుంగ ఒరగలేదు, అది చెప్పొచ్చుగా!” రోజూ నున్నగా గడ్డం గీసుకునేవాడు, చేసేందుకు వేరే పని లేక. కోడలికి ఈ ముచ్చట్లన్నీ ఆస్పత్రిలో చేరుతుండేవి. మంచం మీద ఆ పిల్ల నవ్వాపుకోలేక అవస్థ పడుతుంటే, నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి, “మీ మావగారి కబుర్లు రోజుకి ఒక్కటే. అంతకు మించితే ప్రమాదం,” అని ఆంక్ష పెట్టింది.

తొమ్మిదో రోజు పై ఆఫీసు నుంచి తంతి వచ్చింది. ఇన్ని రోజులు మనిషి బతికి ఉండడం కల్ల, రేపు సాయంత్రానికల్లా చనిపోయినట్టు రాసి గని మూసెయ్యండి అని. తాళాలాయన తంతి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి దీపాల గది కిటికీ ముందుకొచ్చాడు. పదకొండు మందీ అప్పుడే భోజనానికి పైకొచ్చారు.

“నాకో దీపం ఇవ్వండమ్మా.”

“మీకెందుకు సారూ?”

“నాలుగో సొరంగంలో చప్పుడవుతోందటగా. నేను వినకుండా ఆ మనిషి చనిపోయాడని ఎలా రాయను?”

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆయన అప్పటికి ఏడు గనులు మూసిన మనిషి, ఒక్కదాన్లోకి కూడా దిగలేదు. చీకటంటే భయం. ఊరందరికీ తెలుసు, ఊరందరూ నవ్వుకున్నారు, బిళ్ళలమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది. అందుకే, దించే బోను కదలగానే కేకలేసి పైకొచ్చేస్తాడులే అనుకుంటూ దీపం ఇచ్చింది, పాత ఖాళీ బిళ్ళ ఒకటి లోపల పలకకి తగిలించింది.

బోను పైకి వచ్చింది, ఖాళీగా. గంట గడిచింది. ఆ తర్వాత నేల కింద ఎక్కడో బస్తాలు దొర్లినట్టు చిన్న చప్పుడైంది. గనివాళ్ళెవరికీ ఆ చప్పుడేమిటో చెప్పాల్సిన పని లేదు. పదకొండు మంది అన్నాలు వదిలేసి లేచి నిలబడ్డారు.

“నాలుగో సొరంగం,” అన్నాడు పంపులవాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. “నేనే చెప్పాను కదక్కా. నోటికొచ్చింది చెప్పాను.”

“దిగండి మరి!”

“దిగుతాం. అయితే అక్కడ ఏ దుంగ పట్టుకోవచ్చో, ఏ దుంగ ముట్టుకుంటే మొత్తం కూలుతుందో బావకి తప్ప ఎవరికీ తెలీదు. అవన్నీ ఆయన నిలబెట్టినవే.”

బిళ్ళలమ్మ పలక వైపు తిరిగింది. లోపల పలక మీద రెండు బిళ్ళలున్నాయి. ఒకటి అబద్ధం, ఒకటి నిజం. అబద్ధాన్ని దించితే తప్ప నిజం పైకి రాదు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి నిలబడ్డాడంటే గని మూతే, మర్నాడు రైలే, రెండుసార్లు ఒడి ఖాళీ అయిన ఆ పిల్ల ఆ కుదుపులో ఆరు గంటలే. కోడలి మొహం ఆమె కళ్ళ ముందు మెదిలింది. అయితే తాళాలాయనకీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది, ఆమెకి ఏమని తంతి కొట్టాలి? బిళ్ళలమ్మ చెప్పులు వేసుకోకుండా ఇంటికి పరిగెత్తింది.

“దిగు,” అంది అటక కింద నిలబడి.

“ఇంకా పదహారు రోజులుందిగా?”

“దిగమంటున్నానా! ఆ తాళాలాయన నీ కోసం నాలుగో సొరంగంలోకి వెళ్ళాడు. కప్పు జారింది.”

మేస్త్రీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అదే మొదటిసారి. నిచ్చెన కూడా వేసుకోకుండా దూకి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తాడు.

సొరంగం మొదట్లో, దుంగలు లేని చోట కప్పు కొంచెమే జారింది. మేస్త్రీ వెనక వస్తున్నవాళ్ళని ఆగమన్నాడు. ఒక్కో దుంగనీ చేత్తో తట్టి, చెవి ఆనించి విని, పక్కకి ఒరుగుతూ, రాళ్ళ మీదుగా పాకుతూ లోపలికి వెళ్ళాడు. అవతల దీపం లేదు, పగిలిపోయింది. చిమ్మచీకట్లోంచి మాత్రం ఒక గొంతు వినిపిస్తోంది. వణుకుతూనే ఉంది గానీ ఆగడం లేదు. మధ్యమధ్యలో రాయితో పైపు మీద కొడుతున్న చప్పుడు.

“మేస్త్రీగారూ! భయపడకండి! నేనొచ్చాను! మీరు ఒంటరిగా లేరు!”

మేస్త్రీ ఆ గొంతు వైపు చెయ్యి చాచాడు. “ఇక్కడే ఉన్నాను సార్,” అన్నాడు.

చీకట్లో రెండు చేతులు అతన్ని తడుముకుని గట్టిగా వాటేసుకున్నాయి. “దొరికారు! తొమ్మిది రోజులండీ! దొరికారు!” అంటూ తాళాలాయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరు ఎవరిని వెతికారో చెప్పడానికి అది సమయం కాదని మేస్త్రీకి కూడా తోచింది.

ఇద్దరూ పైకొచ్చారు. తాళాలాయన చెయ్యి మేస్త్రీ భుజం మీదే ఉంది. వెలుతురుకి కళ్ళు అలవాటు పడ్డాక ఆయన తను కాపాడిన మనిషి వైపు తిరిగి చూశాడు. నున్నగా గీసిన గడ్డం. దువ్విన జుట్టు, అందులో ఇంత బూజు. ఇంటి చెప్పులు. తొమ్మిది రోజుల్లో కాస్త ముందుకొచ్చిన పొట్ట.

“ఇన్నాళ్ళూ ఏం తిన్నారు?” అని నెమ్మదిగా అడిగాడు.

మేస్త్రీకి ఎక్కువ మాట్లాడడం వచ్చు గానీ అబద్ధం ఆడడం రాదు. “పొద్దున రెండు గుడ్లు సార్. మధ్యాహ్నానికి ఇంకా వండలేదు.”

పదకొండు మందీ నేల చూశారు. తాళాలాయన కిటికీ దగ్గరికి నడిచాడు. కోటు ఒక చెయ్యి చిరిగి వేలాడుతోంది, మోచెయ్యి గీసుకుపోయింది. బిళ్ళలమ్మ ఇక దాచలేదు.

“మీ రూలు పుస్తకంలోదే చేశాను సారూ. ఒక్క మనిషున్నా మూయకూడదన్నారు. నా కోడలు కదిలితే మూడోది కూడా దక్కదు. అందుకే లేని మనిషిని లోపల వేశాను. మీరు దిగుతారనుకోలేదు. మిమ్మల్ని చూసి నవ్వాను కూడా. ఏం చేస్తారో చెయ్యండి.”

ఆయన పలక వైపు చూశాడు. కోపం వచ్చింది, మొహం ఎర్రబడింది. తర్వాత ఆ ఎరుపు మెల్లగా తగ్గింది.

“దీపం పగిలాక కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడలేదమ్మా,” అన్నాడు. “నేను పోతానేమో అనుకున్నాను. అప్పుడు ఈ గోడ గుర్తొచ్చింది. పైన నా బిళ్ళ వేలాడుతోంది, ఆవిడ దాన్ని చూస్తూ ఊరికే కూర్చోదు, ఎవరినో పంపిస్తుంది అనుకున్నాను. అలా అనుకున్నాక ఊపిరాడింది.”

జేబులోంచి తంతి తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“మేస్త్రీగారి బిళ్ళ బయట వెయ్యండి.”

ఆమె వేసింది. అలవాటు కొద్దీ చెయ్యి రెండోదాని మీదికి కూడా వెళ్ళింది.

“దాన్ని ముట్టుకోకండి,” అన్నాడాయన. “నేనింకా పైకి రాలేదు.”

బిళ్ళలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “ఎన్నాళ్ళుంటారు సారూ లోపల?”

“నర్సమ్మని కనుక్కుని చెబుతాను.”

మూసివేత ఆఫీసరు గనిలో చిక్కుకున్నారని, వెతుకుతున్నామని స్టేషను మాస్టరు పై ఆఫీసుకి తంతి కొట్టాడు. దాని వాక్యాలు సరిచేసింది ఆఫీసరుగారే. ఆయన అటకెక్కాడు. మేస్త్రీ కింద ఒరిగిన కుర్చీలో కూర్చుని, వినక తప్పని మనిషి ఒకడు దొరికాడన్న ఆనందంలో పొద్దుగూకులూ పైకి కబుర్లు చెప్పాడు. చీకటంటే భయం పోయింది గానీ మేస్త్రీ అంటే పట్టుకుందని తాళాలాయన తర్వాత అన్నాడట.

ఇరవై ఐదో రోజు మధ్యాహ్నం ఆస్పత్రిలో పసిపిల్ల ఏడ్చింది. డాక్టరు కిటికీలన్నీ తెరిచే ఉంచాడు. ఆ ఏడుపు మూడో లైను దాటి గని దాకా వినిపించింది. తాళాలాయన అటక దిగి, కోటు దులుపుకుని, దీపాల గది కిటికీ ముందుకొచ్చి బుద్ధిగా నిలబడ్డాడు.

“పైకొచ్చానమ్మా. ఇక రాసుకోండి.”

బిళ్ళలమ్మ అప్పటికే గదికి తాళం వేస్తోంది. రెండు కళ్ళూ ధారాపాతంగా కారుతున్నాయి, తుడుచుకునే తీరిక లేదు.

“ముందు నా మనవరాలిని చూసొస్తాను సారూ. అందాకా లోపలే ఉండండి,” అని ఆస్పత్రి వైపు పరిగెత్తింది.

ఆయన ఉన్నాడు.